నేపాల్ విదేశీ సహాయ డేటాబేస్: నమోదు జరుగుతోంది సరే, సమన్వయం జరుగుతోందా?

సాగరతీరం

అందరికీ నమస్కారం. నేను విశాఖలో ప్రభుత్వ పాలనా శాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. సెమినార్ పత్రానికి నేపాల్‌ను ఎంచుకున్నాను. విదేశీ సహాయం వివరాలన్నీ ఒకే చోట ఉండాలని అక్కడి ఆర్థిక మంత్రిత్వ శాఖ 2010లో ఎయిడ్ మేనేజ్‌మెంట్ ప్లాట్‌ఫామ్ (ఏఎంపీ) అనే డేటాబేస్‌ను మొదలుపెట్టింది. 2013లో దాన్ని ప్రజలు కూడా చూసేలా తెరిచారు. ఆ తర్వాత దాని స్థానంలో సొంతంగా రూపొందించుకున్న ఏఎంఐఎస్ (ఎయిడ్ మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్) వచ్చింది. 40కి పైగా దాత దేశాలు, సంస్థలు అందులో వివరాలు ఎక్కిస్తాయి. వాటి ఆధారంగా ఏటా అభివృద్ధి సహకార నివేదిక వెలువడుతుంది.

నా సందేహాలు రెండు. ఒకే ఏడాదికి దాతలు విడుదల చేశామని చెప్పిన మొత్తానికీ, నేపాల్ బడ్జెట్‌లో విదేశీ సహాయంగా కనిపించే మొత్తానికీ పొంతన కుదరడం లేదు. ఇంత తేడా ఎందుకు వస్తోంది? ఇక రెండోది. ఈ డేటాబేస్ చూసి ఏ దాత అయినా తన నిర్ణయాన్ని మార్చుకున్న సందర్భం ఉందా? పుస్తకాల్లో, దాతలు సమన్వయంతో సహాయం అందించాలన్న 2005 నాటి ప్యారిస్ ప్రకటన గురించి చాలానే ఉంది గానీ, ఈ ప్రశ్నకు సూటి జవాబు దొరకలేదు.

ఖాట్మండు_తెలుగు

మంచి అంశం ఎంచుకున్నారు. విదేశీ నిధులతో నడిచే ఒక ఆరోగ్య ప్రాజెక్టులో ఆర్థిక విభాగం చూస్తూ నేను కొన్నేళ్ళు ఖాట్మండులో ఉన్నాను. గడువు దగ్గర పడినప్పుడల్లా ఆ డేటాబేస్‌లో అంకెలు ఎక్కించే పని మా విభాగానిదే.

తేడాకు మొదటి కారణం ‘విడుదల’కు ఎవరి లెక్క వారికి ఉండటం. దాత దేశం దృష్టిలో, తన రాజధాని నుంచి డబ్బు కదిలి మధ్యలో ఉన్న అమలు సంస్థ ఖాతాకు చేరితే విడుదలైనట్టే. నేపాల్ ఖజానా మాత్రం తన ఖాతాలో జమ అయిన రోజునే విడుదలైందని రాసుకుంటుంది. ఈ రెండింటి మధ్య నెలలు గడవచ్చు. అసలు ఖజానాకు ఎప్పటికీ రాని డబ్బు కూడా ఉంటుంది. విదేశీ నిపుణుడి జీతం అతని దేశంలోనే అతని బ్యాంకు ఖాతాలో పడుతుంది. దాత పుస్తకంలో అది నేపాల్‌కు అందిన సహాయమే. నేపాల్ బడ్జెట్ పుస్తకంలో దాని ఊసే ఉండదు.

రెండో కారణం క్యాలెండర్. నేపాల్ ఆర్థిక సంవత్సరం శ్రావణం ఒకటో తేదీన, అంటే జూలై మధ్యలో మొదలవుతుంది (మన శ్రావణ మాసంతో కలపకండి, అక్కడిది సౌరమానం). అమెరికా ప్రభుత్వానికి అక్టోబరులో, జపాన్‌కు, బ్రిటన్‌కు, మన దేశానికి ఏప్రిల్‌లో, చాలా ఐరోపా దేశాలకు జనవరిలో కొత్త సంవత్సరం వస్తుంది. ఒకే ప్రాజెక్టు డబ్బును ఇద్దరు నిజాయితీగానే రెండు వేర్వేరు ఏళ్ళలో వేసుకుంటారు.

అయితే మీ పత్రానికి ప్రాణం లాంటి విషయం మరొకటి ఉంది. 2015 రాజ్యాంగం ప్రకారం అక్కడ జ్యేష్ఠం 15న, అంటే మే నెలాఖరులో బడ్జెట్ పెట్టి తీరాలి. దానికి కొన్ని నెలల ముందే ప్రణాళికా సంఘం శాఖలవారీగా పరిమితులు ఖరారు చేస్తుంది. వచ్చే ఏడాది మీరు ఎంత ఇస్తారని దాతలను అడగాల్సింది ఆ సమయంలోనే. ఇచ్చిన డబ్బు వివరాలు ఆలస్యంగానైనా వస్తాయి. ఇవ్వబోయే డబ్బు గడి మాత్రం తరచూ ఖాళీగా ఉండేది. సమన్వయానికి పనికొచ్చేది ఆ రెండో గడే. జరిగిపోయిన ఖర్చును ఎంత శుభ్రంగా నమోదు చేసినా దాన్ని దారి మళ్ళించలేరు కదా.

పద్దుల_పుస్తకం

నేను రాష్ట్ర ఆర్థిక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. విదేశీ సహాయ ప్రాజెక్టుల పద్దులు చాలాకాలం చూశాను. ఖాట్మండు వారు చెప్పిన ఇబ్బంది మన దగ్గర ఇంత తీవ్రంగా ఎందుకు లేదో చెబుతాను. సాగరతీరం గారికి పోల్చుకోవడానికి పనికొస్తుంది.

మన దేశంలో ప్రపంచ బ్యాంకు గానీ, జపాన్ సంస్థ జైకా గానీ నేరుగా రాష్ట్ర ఖజానాకు డబ్బు పంపవు. సాధారణ పద్ధతిలో రాష్ట్రం ముందు తన బడ్జెట్ నుంచి ఖర్చు పెడుతుంది. ఆ ఖర్చుకు క్లెయిమ్ తయారుచేసి ఢిల్లీలో కేంద్ర ఆర్థిక శాఖ కింద విదేశీ సహాయ పద్దులు, ఆడిట్ చూసే కార్యాలయానికి (సీఏఏఏ) పంపుతుంది. వారు సరిచూసి రుణమిచ్చే సంస్థకు పంపుతారు. డాలర్లు రిజర్వు బ్యాంకులోని కేంద్రం ఖాతాకు వస్తాయి. ఆ తర్వాతే రాష్ట్రానికి రూపాయలు. ప్రత్యేక హోదా లేని సాధారణ రాష్ట్రాలకు 2005కు ముందు అందులో 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా ఇచ్చేవారు. పన్నెండో ఆర్థిక సంఘం సిఫారసు తర్వాత, విదేశీ రుణం ఏ షరతులతో వస్తే అవే షరతులతో రాష్ట్రానికి బదిలీ చేస్తున్నారు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, నమోదు చేయకపోతే డబ్బే రాదు. హుద్‌హుద్ తుపాను తర్వాత 2015లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్లు మంజూరు చేసిన ప్రాజెక్టు అయినా, 2024 డిసెంబరులో అమరావతికి ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు మంజూరు చేసిన రుణాలైనా మన పుస్తకాల్లోకి ఎక్కకుండా నడిచే వీలు లేదు. దాత దయతలచి ఎక్కించే డేటాబేస్‌కూ, ఖజానా నడిచే దారిలోనే ఉన్న డేటాబేస్‌కూ ఉన్న తేడా ఇది. నేపాల్‌కు కావాల్సింది రెండోది. ఈ మాట నేను గట్టిగానే అంటాను.

సంకేతలిపి

సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నాను, విదేశీ సహాయం రంగం నాకు కొత్త. ఒక ప్రశ్న. 2008లో ఘనాలోని అక్రాలో జరిగిన సదస్సులో ఐఏటీఐ అనే ఉమ్మడి పారదర్శకతా ఒప్పందం మొదలైంది కదా. దాతలు తమ వివరాలను అందరికీ ఒకే ఆకృతిలో, యంత్రం చదవగలిగేలా ఎక్స్ఎంఎల్ ఫైళ్ళుగా ప్రచురిస్తున్నారు. అలాంటప్పుడు ఖాట్మండులో ఎవరో కూర్చుని చేతితో ఎందుకు ఎక్కించాలి? నేపాల్ ప్రభుత్వం ఆ ఫైళ్ళను నేరుగా దించుకుంటే సరిపోదా?

ఖాట్మండు_తెలుగు

సంకేతలిపి గారూ, కొంతవరకు సరిపోతుంది. ప్రాజెక్టు పేరు, మొత్తం, మొదలైన తేదీ, ముగిసే తేదీ అలా తెచ్చుకోవచ్చు. ఆగిపోయేది ఊరి దగ్గర. దాత ప్రధాన కార్యాలయం ప్రచురించే ఫైల్లో ‘స్థలం: నేపాల్’ అని ఉంటే సరిపోయినట్టే. ప్రభుత్వానికి కావాల్సింది ఏ పాలికలో (అక్కడి స్థానిక ప్రభుత్వం), ఏ పాఠశాలకు, ఏ ఆరోగ్య కేంద్రానికి అన్నది. అలాగే ఆ ప్రాజెక్టు నేపాల్ బడ్జెట్‌లోని ఏ పద్దు కిందకు వస్తుందో వాషింగ్టన్‌లోనో బ్రస్సెల్స్‌లోనో ఉన్న గుమాస్తాకు తెలియదు. ఆ ముడి వేయాల్సింది నేపాల్ మంత్రిత్వ శాఖ ఉద్యోగే.

ఇంకొక చిక్కు. ఒక దేశం ఐక్యరాజ్యసమితి సంస్థకు ఇస్తుంది, ఆ సంస్థ అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థకు ఇస్తుంది, అది స్థానిక సంస్థకు ఇస్తుంది. ముగ్గురూ శ్రద్ధగా నమోదు చేస్తే ఒకే రూపాయి మూడు రూపాయలవుతుంది. మీరన్న ఆకృతిలో ఎవరి నుంచి వచ్చింది, ఎవరికి వెళ్ళింది అని రాసే గడులు ఉన్నాయి. వాటిని అందరూ నింపితే ఈ బాధ తీరేది.

బందా_ఆచే

ఈ మూడింతల లెక్క గురించి నేను తప్పక రాయాలి. 2004 డిసెంబరు 26 సునామీ మన కోస్తా జిల్లాల్లోనూ ప్రాణాలు తీసింది. ఇండోనేసియాలోని ఆచే రాష్ట్రంలో చనిపోయినవారు, ఆచూకీ దొరకనివారు కలిపి లక్షన్నరకు పైనే. ప్రపంచం నలుమూలల నుంచి వందల సంస్థలు దిగాయి. నేను ఒక నిర్మాణ సంస్థ తరఫున ఇంజనీరుగా అక్కడికి వెళ్ళాను.

2005 ఏప్రిల్‌లో ఇండోనేసియా ప్రభుత్వం బీఆర్ఆర్ అనే పునర్నిర్మాణ సంస్థను ఏర్పాటు చేసింది. గనులు, ఇంధన శాఖ మంత్రిగా పనిచేసిన కుంతోరో మంగ్కుసుబ్రోతో దానికి అధిపతి. వారు ర్యాన్ అనే డేటాబేస్ పెట్టారు. ఏ సంస్థ, ఏ ఊళ్ళో, ఎన్ని ఇళ్ళు, ఎవరి డబ్బుతో, ఎంతవరకు వచ్చాయి అన్నవే అందులో ముఖ్యమైన గడులు. మొదట్లో అక్కడా ఇదే గొడవ. దాత ఇళ్ళు లెక్కలో పడతాయి, అవే ఇళ్ళు కట్టే సంస్థ లెక్కలోనూ పడతాయి. కాగితం మీద ఊరికి సరిపడా ఇళ్ళు. నేల మీద గుడారాలు. రహదారి పక్క ఊళ్ళలో రెండు మూడు సంస్థలు పోటీ పడుతుంటే, వంతెన తెగిపోయిన పశ్చిమ తీరపు ఊళ్ళకు వెళ్ళేవారే కరువయ్యారు.

పరిస్థితి మారింది డేటాబేస్ మెరుగుపడినందువల్ల మాత్రమే కాదు. బీఆర్ఆర్ చేతిలో మూడు అధికారాలు ఉండేవి. ప్రతి సంస్థా తన ప్రాజెక్టు ఆలోచనను ముందుగా దాఖలు చేసి ఆమోదం పొందాలి. రెండోది, విదేశీ సిబ్బంది వీసాలు, సామగ్రి సుంకాల మినహాయింపు వంటి అనుమతులన్నింటికీ బీఆర్ఆర్‌లోనే ఒకే గడప పెట్టారు. మూడోది అన్నిటికంటే ముఖ్యం: ప్రభుత్వ సొంత పునర్నిర్మాణ బడ్జెట్ కూడా వారి చేతిలోనే ఉంది. స్వచ్ఛంద సంస్థలు వదిలేసిన ఊరు తెర మీద కనిపిస్తే ఆ ఖాళీని ప్రభుత్వ డబ్బుతో పూడ్చగలిగేవారు. 2009 ఏప్రిల్‌లో బీఆర్ఆర్‌ను మూసేసే నాటికి అందరూ కలిసి కట్టిన ఇళ్ళు లక్షా 30 వేలు దాటాయి. ఇచ్చిన హామీల్లో తొంభై శాతానికి పైగా నిజంగా డబ్బు రూపంలో వచ్చింది. ఇలాంటి విపత్తుల్లో హామీలు గాలికి పోవడం చూసినవారికి ఆ నిష్పత్తి విలువ తెలుస్తుంది.

సాగరతీరం గారూ, డేటాబేస్ చూసి నిర్ణయం మారిందా అని మీరు అడిగారు. ఆచేలో మారింది. మార్చుకోమని చెప్పగలిగిన అధికారి ఎదురుగా కూర్చుని ఉన్నాడు కాబట్టి మారింది.

పద్దుల_పుస్తకం

చాలా విలువైన వివరం. ధన్యవాదాలు.

నల్లమల_దారి

నాకు ఇందులో భిన్నాభిప్రాయం ఉంది. ఆచేలో చిన్న ప్రాంతం, నాలుగేళ్ళ గడువు, ఒకే విపత్తు. నేపాల్ సంగతి వేరు. రెండు పెద్ద దేశాల మధ్య ఉంది. భారత్, చైనా ఇచ్చే సహాయం వెనుక సరిహద్దు, విద్యుత్తు, రహదారి, రాజకీయం ఉంటాయి. ఆర్థిక శాఖలో ఒక సంయుక్త కార్యదర్శి కంప్యూటర్ తెర చూపించి మీ ప్రాజెక్టు ఇక్కడ వద్దు అక్కడ పెట్టండి అంటే ఢిల్లీ గానీ బీజింగ్ గానీ వింటాయా? అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ ఎంసీసీ (మిలీనియం ఛాలెంజ్ కార్పొరేషన్) నేపాల్‌తో చేసుకున్న ఒప్పందమే చూడండి. 2017 సెప్టెంబరులో 50 కోట్ల డాలర్లకు సంతకాలైతే, వీధుల్లో నిరసనలు, కూటముల్లో చీలికలు దాటుకుని 2022 ఫిబ్రవరిలో గానీ పార్లమెంటు ఆమోదం రాలేదు. ఆ నాలుగున్నరేళ్ళూ ఏ డేటాబేస్ ఏం చేయగలిగింది?

మన దేశం విషయంలోనూ నిజాయితీగా మాట్లాడుకోవాలి. 2003 నుంచి నేపాల్‌లో మన రాయబార కార్యాలయం ద్వారా చిన్న అభివృద్ధి ప్రాజెక్టులు నడుస్తున్నాయి. బడి భవనాలు, ఆరోగ్య కేంద్రాలు, తాగునీరు. ఒక్కో ప్రాజెక్టు పరిమితిని 2024 జనవరిలో 5 కోట్ల నేపాలీ రూపాయల నుంచి 20 కోట్లకు పెంచారు. మంచి పనులే, ఆ బడుల్లో పిల్లలు చదువుకుంటున్నారు. కానీ పరాయి దేశపు రాయబార కార్యాలయం ఒక జిల్లాలో నేరుగా బడి కట్టించడం గురించి నేపాలీలలో చాలాకాలంగా అభ్యంతరం ఉంది. అదే పని మన జిల్లాల్లో వేరే దేశం చేస్తే మనం ఊరుకుంటామా? 2003లోనే మన ప్రభుత్వం చిన్న దాత దేశాలను ఇక చాలని పంపించింది. సునామీ తర్వాత విదేశాల అత్యవసర సాయాన్నీ వద్దంది.

ఖాట్మండు_తెలుగు

నల్లమల వారి అభ్యంతరం న్యాయమైనదే. ఒక్క సవరణ. ఆ చిన్న ప్రాజెక్టులను అమలు చేసేది అక్కడి స్థానిక ప్రభుత్వ విభాగాలే, టెండర్లు కూడా వారివే. వార్షిక నివేదికలో భారత్, చైనా ఇచ్చిన మొత్తాలు కనిపిస్తాయి. ఎంత వివరంగా కనిపిస్తాయన్నదే ప్రశ్న.

మీరు ఎంసీసీ గురించి చెప్పారు. దానికి ఎదురుగా మరొకటి పెడతాను. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సహాయాన్ని హఠాత్తుగా నిలిపివేసింది. జూలై ఒకటి నాటికి ఆ సహాయాన్ని నడిపే యూఎస్‌ఎయిడ్ అనే సంస్థ కార్యకలాపాలే ముగిశాయి. నేపాల్‌లో ఆరోగ్యం, పోషకాహారం, విద్య, వ్యవసాయం రంగాల్లో నడుస్తున్న పనులు ఆగాయి. వాటిలో చాలా భాగం బడ్జెట్ బయట నడిచినవి. అంటే ఖజానా తెర మీద వాటి జాడ లేదు. ఏ జిల్లాలో ఏ పని ఆగిందో, ఎంతమంది పోషకాహార కార్యకర్తల జీతం ఆగిందో ప్రభుత్వం ఎక్కడ చూసుకోవాలి? ఈ డేటాబేస్ ఒక్కటే దారి. అందులో జిల్లా, పాలిక, అమలు సంస్థ పేరు సరిగ్గా నింపి ఉంటే ఒక పూటలో జాబితా వస్తుంది. లేకపోతే ఫోన్లు చేసి కనుక్కోవాలి. నేను పనిచేసినప్పుడు ఆ గడులు నింపమని మా పైవారితో వాదించింది ఇందుకే. ఇచ్చేవాడు ఉన్నంతకాలం ఆ గడి విలువ ఎవరికీ తెలియదు.

నెల్లూరు_తీరం

ఇంతవరకు ప్రభుత్వం, దాతల గురించే చర్చ నడిచింది. కింద వివరాలు నింపేవారి సంగతి కూడా చెప్పాలి. నేను తీర గ్రామాల్లో పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉన్నాను. విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ కింద మేము ఏటా కేంద్ర హోం శాఖకు ఎఫ్‌సీ-4 పత్రం దాఖలు చేయాలి. 2020 సవరణ తర్వాత విదేశీ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలోని ఖాతాకే రావాలి. దాతకు వేరే నివేదిక, ఆదాయపు పన్ను శాఖకు వేరేది, జిల్లా అధికారులు అడిగినప్పుడు ఇంకొకటి. అంకెలు అవే, పట్టికలు వేరు. నేపాల్‌లోనూ అంతర్జాతీయ సంస్థలు సామాజిక సంక్షేమ మండలితో ఒప్పందం చేసుకోవాలి, ఆర్థిక శాఖ డేటాబేస్‌లోనూ ఎక్కించాలి, స్థానిక ప్రభుత్వానికీ చెప్పాలి.

ఇంత చేశాక మాకు తిరిగి వచ్చేది ఏమిటి? పక్క మండలంలో మరో సంస్థ మత్స్యకార మహిళలకు అదే శిక్షణ ఇస్తోందని మాకు ఎవరూ చెప్పరు. మన ఎఫ్‌సీఆర్‌ఏ పద్ధతి ఉన్నది నియంత్రణకు, సమన్వయానికి కాదు. ఎవరు ఎంత తెచ్చుకున్నారో అది చెబుతుంది, ఏ ఊరికి ఏమి అందలేదో చెప్పదు. వివరాలు అడిగే ప్రభుత్వం ఆ వివరాలతో తయారైన పటాన్ని మాకు కూడా ఇస్తే, నింపేవారు మనసు పెట్టి నింపుతారు. సాగరతీరం గారు ఈ కోణం వదలకండి.

సంకేతలిపి

నెల్లూరు వారు చెప్పింది మా రంగంలో రోజూ చూసేదే. ఒకసారి ఎక్కించిన అంకె అన్ని కార్యాలయాలకూ దానంతట అదే చేరాలి. దానికి సాంకేతికంగా పెద్ద అడ్డంకి ఏమీ లేదు. శాఖలు ఒకదానికొకటి తలుపు తెరవాలి, అంతే.

పద్దుల_పుస్తకం

ఆ ‘అంతే’ దగ్గరే ఏళ్ళు గడుస్తాయి బాబూ. ఒక శాఖ ‘ప్రాజెక్టు’ అనేది మరో శాఖకు పది పద్దులు. ముందు పద్దుల సంకేతాలు ఒకటి చేయాలి. నేపాల్ ఆర్థిక శాఖ తన బడ్జెట్ తయారీ వ్యవస్థతో సహాయ డేటాబేస్‌ను కలపడానికి ప్రయత్నించడం అందుకే సరైన అడుగు. అది పూర్తిగా కుదిరిన చోట దాత అంకె, ఖజానా అంకె పక్కపక్కనే కనబడతాయి. తేడా ఉంటే అప్పుడే అడగవచ్చు.

నల్లమల_దారి

నేను డేటాబేస్ వద్దనడం లేదు. అది ఉంటే చాలు, సమన్వయం వచ్చేస్తుందన్న నమ్మకాన్నే ప్రశ్నిస్తున్నాను. నేపాల్‌లో నిజంగా దాతలు ఒక తాటి మీదకు వచ్చిన సందర్భం చెప్పమంటే, పాఠశాల విద్యలోనూ ఆరోగ్యంలోనూ ఏర్పాటైన ఉమ్మడి నిధుల పద్ధతి చెబుతాను. పలువురు దాతలు ప్రభుత్వ కార్యక్రమానికే డబ్బు ఇస్తారు, ఒకే నివేదిక, ఒకే సమీక్ష. ఒక్కో దాతకు ఒక్కో ప్రాజెక్టు కార్యాలయం ఉండదు. అది 2010 నాటి డేటాబేస్ కంటే ముందే మొదలైంది.

ఖాట్మండు_తెలుగు

అవును, అది ముందే మొదలైంది. అయితే ఆ పద్ధతిలోకి రాని దాతలు ఎవరు, ఒక్కొక్కరు ఎన్ని మంత్రిత్వ శాఖలతో ఎన్ని ముక్కలుగా పనిచేస్తున్నారు అన్నది అందరి ముందు పెట్టింది మాత్రం వార్షిక నివేదికే. తన పేరు పక్కన చిన్నచిన్న ప్రాజెక్టుల పొడవాటి జాబితా అచ్చయితే దాత ప్రతినిధికి సమావేశంలో సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. ఆచే అంత బలం దానికి లేదు. ఉన్న బలం అది.

సాగరతీరం

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ‘ఇవ్వబోయే డబ్బు’ గడి, బడ్జెట్ బయటి ఖర్చు, ఈ రెండింటి మీదే పత్రం రాస్తాను. ఆచేను పోలికగా తీసుకుంటాను. చివరిగా ఒక సాంకేతిక సందేహం. 2015 భూకంపానికి ముందూ తర్వాతా సింధుపాల్చోక్, గోర్ఖా వంటి చోట్లకు ఎంత సహాయం వెళ్ళిందో పోల్చాలనుకున్నాను. పాత నివేదికల్లోని ఊళ్ళ పేర్లు కొత్తవాటిలో దొరకడం లేదు.

ఖాట్మండు_తెలుగు

దొరకవు. 2017లో స్థానిక సంస్థలను పూర్తిగా పునర్వ్యవస్థీకరించారు. మూడు వేలకు పైగా ఉన్న గ్రామ అభివృద్ధి సమితులు పోయి, మొత్తం 753 స్థానిక ప్రభుత్వాలు మిగిలాయి. పాత స్థలాల సంకేతాలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. గ్రామ స్థాయిలో పాత, కొత్త వివరాలను కుట్టడానికి ప్రయత్నించకండి, జిల్లా స్థాయిలో ఆగండి. సింధుపాల్చోక్, గోర్ఖా సరిహద్దుల విషయంలో మీకు ఇబ్బంది రాదు. దేశమంతా పోలిస్తే మాత్రం రుకుమ్, నవల్‌పరాసీ జిల్లాలు రెండేసిగా చీలి 75 జిల్లాలు 77 అయ్యాయని గుర్తుంచుకుని, ఆ నాలుగింటినీ మళ్ళీ రెండుగా కలిపి లెక్కించండి. భూకంపం తర్వాతి ఏళ్ళకు పునర్నిర్మాణ ప్రాధికార సంస్థ లెక్కలు కూడా పక్కన పెట్టుకోండి. 2015 జూన్‌లో జరిగిన దాతల సదస్సులో వచ్చిన 440 కోట్ల డాలర్ల హామీని మాత్రం ‘విడుదల’ గడిలో వేయకండి. అందులో మన దేశం ప్రకటించిన 100 కోట్లలోనే మూడు వంతులు రుణం, ఒక వంతు గ్రాంటు. ఆ రెండింటినీ వేర్వేరు వరుసల్లో రాయండి.